వర్మీ కంపోస్ట్ బిన్ కొంటున్నారా? డబ్బా అందం కాదు.. ముందు ఈ లెక్క చూసుకోండి!

తడి చెత్తను బయట పారేయకుండా ఇంట్లోనే ఎరువు చేసుకోవాలని చాలామంది ముచ్చటపడి వర్మీ కంపోస్ట్ బిన్ కొంటున్నారు. ఎక్కువగా చలికాలంలో మొదలుపెడతారు. రెండు మూడు నెలలు అంతా సాఫీగానే సాగుతుంది. మూత తీస్తే వానపాములు కళకళలాడుతూ కనిపిస్తాయి. సరిగ్గా ఏప్రిల్ వచ్చేసరికి సీన్ మారిపోతుంది. బిన్ నుంచి వాసన, చుట్టూ చిన్న ఈగలు, పక్క ఫ్లాట్ వాళ్ల సణుగుడు. ఓ రోజు మూత తీసి చూస్తే ఒక్క వానపాము కూడా ఉండదు. "మనకిది కుదరదులే" అనుకుని బిన్‌ను మూలన పడేస్తారు.

ఇందులో వానపాముల తప్పేమీ లేదు. పెంచినవాళ్లు శ్రద్ధ పెట్టలేదని కూడా అనలేం. చాలాసార్లు తేడా కొట్టేది డబ్బా దగ్గరే, దాన్ని పెట్టిన చోటు దగ్గరే. విదేశీ వీడియోల్లో కనిపించే బిన్లు ఇంటి లోపలో, చల్లని బేస్‌మెంట్‌లోనో పెట్టుకునేవి. అలాంటి డబ్బానే తెచ్చి విజయవాడలో పడమటి బాల్కనీలో పెడితే ఎలా ఉంటుంది? మూడు గంటల ఎండకు అది ఇడ్లీ కుక్కర్ అయిపోతుంది!

ఎంత వేడిని తట్టుకుంటాయి?

మన దగ్గర ఎక్కువగా అమ్మేవి రెండు రకాల వానపాములు. ఒకటి ఎర్రగా, సన్నగా ఉండే ఐసీనియా ఫెటిడా. రెండోది కాస్త లావుగా, పొడవుగా ఉండే ఆఫ్రికా రకం యూడ్రిలస్ యూజీనియే. వీటితో పాటు మన నేలకు చెందిన పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ అనే రకం కూడా ఉంది. ఐసీనియాకు 15 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. 30 దాటితే తిండి తగ్గిస్తుంది. 35 దగ్గరకు వస్తే చావడం మొదలవుతుంది. మిగతా రెండూ వేడి ప్రాంతాల రకాలే, చలికే ఎక్కువ ఇబ్బంది పడతాయి. అలాగని వాటిని 40 డిగ్రీల్లో ఉడికిస్తే బతుకుతాయనుకోవద్దు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ లెక్కంతా బయటి గాలి వేడి గురించి కాదు, బిన్ లోపలి పడక వేడి గురించి. బయట 42 డిగ్రీలు ఉన్నా, నీడలో ఉండి, తడిగా ఉండి, గాలి ఆడే బిన్‌లో లోపల చాలా చల్లగా ఉండొచ్చు. అదే ఎండలో పెట్టిన నల్ల ప్లాస్టిక్ డబ్బాలో బయటికంటే లోపలే వేడి ఎక్కువ. అంటే బిన్ కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎన్ని లీటర్లు?" అని కాదు, "మే నెలలో ఇది లోపల ఎంత చల్లగా ఉంటుంది?" అని.

థర్మామీటర్ లేకపోయినా ఫర్వాలేదు. మధ్యాహ్నం పూట చేతిని పడకలోకి పెట్టి చూడండి. చల్లగా తగిలితే అంతా బాగున్నట్టే. చేతికి చల్లా వెచ్చా తెలియకుండా ఉంటే, లోపలి వేడి మన చర్మం వేడి దాకా వచ్చిందని అర్థం. ఇక ఆ రోజే ఏదో ఒకటి చేయాలి.

బిన్ కంటే ముందు చోటు వెతకండి

చాలామంది ముందు బిన్ కొని, తర్వాత ఎక్కడ పెట్టాలా అని చూస్తారు. ఇది తిరగేసి చేయాల్సిన పని. మధ్యాహ్నం మూడు గంటలకు ఇల్లంతా ఓసారి తిరగండి. ఎండ పడని, గాలి ఆడే, వాన జల్లు తగలని మూల ఏదో చూడండి. తూర్పు లేదా ఉత్తరం వైపు బాల్కనీ అయితే మంచిదే. మెట్ల కింద ఖాళీ ఉంటే ఇంకా మంచిది. అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఓ మూల దొరికితే దానికి మించింది లేదు, అసోసియేషన్ వాళ్లను ఒప్పించుకోవడమే అసలు కష్టం.

ఏసీ అవుట్‌డోర్ యూనిట్ పక్కన మాత్రం పెట్టొద్దు. అది వదిలే వేడి గాలి నేరుగా బిన్ మీదికే వస్తుంది. వేసవిలో వానపాములకు చల్లదనం ఎక్కువ కావాల్సిన రోజుల్లోనే ఏసీ కూడా ఎక్కువగా నడుస్తుంది! వాషింగ్ మెషిన్ పక్కన కూడా వద్దు. ఆ అదురుకు వానపాములు కుదురుగా ఉండవు. సబ్బు నీళ్లు చిందితే మరీ ప్రమాదం.

మిద్దె తోట ఉన్నవాళ్లు సహజంగానే బిన్‌ను పైనే పెట్టాలనుకుంటారు. ఎరువు అక్కడే కావాలి కదా! కానీ వేసవిలో స్లాబ్ కాలిపోతుంది. పైనే పెట్టాలంటే ఇటుకల మీద ఎత్తులో పెట్టాలి, పైన షేడ్ నెట్ వేయాలి, అంతకంటే మేలు వాటర్ ట్యాంక్ నీడలో పెట్టడం.

బరువు సంగతి కూడా మర్చిపోవద్దు. తడి కంపోస్ట్ లీటరుకు సుమారు 600 నుంచి 800 గ్రాములు తూగుతుంది. అంటే వంద లీటర్ల బిన్ నిండితే 60 నుంచి 80 కిలోలు. నింపాక జరుపుదాంలే అనుకుంటే కుదరదు.

సైజు ఎంత? లీటర్లు కాదు.. చదరపు అడుగులు లెక్కేయండి

వానపాములు బిన్ అంతటా సమానంగా ఉండవు. ఎక్కువగా పైనున్న అరడుగు, అడుగు లోతులోనే తిరుగుతాయి. కింద గాలి అందదు. అందుకే లోతైన డ్రమ్ము కంటే వెడల్పాటి టబ్ మేలు. అడుగు నుంచి అడుగున్నర లోతు చాలు. అంతకు మించితే అడుగున గాలాడక మురిగిపోతుంది, అక్కడి నుంచే వాసన మొదలవుతుంది.

అమెరికాలోని మిషిగన్‌కు చెందిన మేరీ ఆపెల్‌హాఫ్ 1982లో ఇంటి చెత్త, వానపాముల మీద 'వర్మ్స్ ఈట్ మై గార్బేజ్' అనే పుస్తకం తెచ్చారు. వారానికి ఒక పౌండు, అంటే సుమారు 450 గ్రాముల చెత్తకు ఒక చదరపు అడుగు పైభాగం ఉండాలని ఆమె చెప్పిన లెక్క ఇప్పటికీ చాలామందికి ఆధారం. మన వాతావరణంలో వానపాములు కాస్త వేగంగానే తింటాయి కాబట్టి ఇది జాగ్రత్త వైపున్న లెక్క. మొదలుపెట్టడానికి అదే మంచిది.

ఈ లెక్కను మనింటి వస్తువులకు పెట్టి చూస్తే అసలు విషయం బయటపడుతుంది. అడుగు వెడల్పున్న పెయింట్ బకెట్ రోజుకు 50 గ్రాములే తీసుకోగలదు. అంటే ఒకటి రెండు అరటి తొక్కలతో సరి. అడుగున్నర వెడల్పున్న మట్టి కుండీ అయితే 110 గ్రాములు. రెండడుగుల వెడల్పున్న గుండ్రటి టబ్ సుమారు 200 గ్రాములు. మూడడుగుల సిమెంట్ ఒర అయితే 450 గ్రాముల దాకా తీసుకుంటుంది. ఇప్పుడు మీ వంటింట్లో రోజుకు ఎంత తడి చెత్త వస్తుందో వారం పాటు తూచి చూడండి. రోజూ కూర వండే ఇంట్లో అరకిలో సులువుగా దాటుతుంది. నలుగురి కుటుంబానికి ఒక్క బకెట్ బిన్ సరిపోదని ఇక్కడే తేలిపోతుంది. సరిపోని బిన్‌లో చెత్త మీద చెత్త వేస్తే అది మురిగి వేడెక్కుతుంది. ఎండ కంటే ముందు ఆ వేడే వానపాములను చంపేస్తుంది.

ఒకదాని మీద ఒకటి పేర్చే ట్రే బిన్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. నాలుగు ట్రేలు కలిపి ఇన్ని లీటర్లు అని అమ్ముతారు. కానీ ఒకేసారి చెత్త వేసేది పైనున్న ఒక్క ట్రేలోనే. కాబట్టి లెక్క చూసుకోవాల్సింది ఆ ఒక్క ట్రే వెడల్పునే.

మరి చిన్న బాల్కనీ ఉన్నవాళ్లు మానుకోవాల్సిందేనా? అక్కర్లేదు. పెద్ద బిన్ ఒకటి కొనే బదులు చిన్నవి రెండు పెట్టుకోవడం తెలివైన పని. మొదటి దాంట్లో వానపాములు వేయకుండా, చెత్తను ఎండుటాకులతో పొరలు పొరలుగా వేసి పది పదిహేను రోజులు మగ్గనివ్వాలి. ఆ దశలో చెత్త వేడెక్కుతుంది, తర్వాత చల్లబడుతుంది, బాగా కుంగిపోతుంది. అలా చల్లబడినదాన్ని రెండో బిన్‌లోని వానపాములకు వేయాలి. తక్కువ చోటులో ఎక్కువ చెత్త తీరుతుంది, వేడి గొడవ సగం తగ్గుతుంది.

ప్లాస్టిక్, మట్టి, సిమెంట్.. ఏది మేలు?

ప్లాస్టిక్ తేలిక, చవక, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ దాని గోడల్లోంచి గాలి వెళ్లదు, చెమ్మ వెళ్లదు. కాబట్టి చిల్లుల మీదే అంతా ఆధారపడి ఉంటుంది. కొనేటప్పుడు తిరగేసి చూడండి. అడుగున నీళ్లు కారే చిల్లులు, పక్కల పైభాగంలో గాలి చిల్లులు రెండూ ఉండాలి. లేకపోతే డ్రిల్‌తోనో, కాల్చిన చువ్వతోనో పెట్టుకుని, లోపలి వైపు దోమతెర జాలీ అతికించాలి. రంగు విషయానికొస్తే నలుపు వద్దు. లోపల కనిపించే పారదర్శకం డబ్బా కూడా వద్దు, వెలుతురంటే వానపాములకు గిట్టదు. తెలుపో, లేత రంగో ఉండి వెలుతురు దూరనిది అయితే సరి.

మట్టి పాత్ర సంగతి వేరు. తాగే నీటి కుండ ఎలా చల్లబడుతుందో ఇదీ అలాగే. గోడల్లోంచి చెమ్మ బయటికొచ్చి ఆవిరవుతుంటే లోపల చల్లబడుతుంది. హైదరాబాద్, కర్నూలు, నిజామాబాద్ లాంటి పొడి ఎండలున్న చోట ఇది అద్భుతంగా పనిచేస్తుంది. విశాఖ, కాకినాడ వైపు ఉక్కపోత వల్ల చెమ్మ అంత తొందరగా ఆరదు, అక్కడ ఈ లాభం కాస్త తక్కువ. మట్టికి ఉన్న ఇబ్బంది బరువు, పగిలే భయం. పైగా తొందరగా ఆరిపోతుంది, ఎండాకాలంలో రోజూ నీళ్లు చిలకరించాల్సిందే. ఊరెళ్లే అలవాటున్నవాళ్లు ఈ విషయం ఆలోచించుకోవాలి. రంగు వేసిన కుండీలు మాత్రం కొనొద్దు. రంగు వేశారంటే ఆ రంధ్రాలన్నీ మూసేసినట్టే.

ఇంకో మాట. మార్కెట్లో ఒకదానిపై ఒకటి పేర్చిన మట్టి కుండల కంపోస్టర్లు దొరుకుతున్నాయి. వాటిలో చాలావరకు వానపాములతో పనిలేనివి. సూక్ష్మజీవులున్న పొడి చల్లి చెత్తను కుళ్లబెట్టే పద్ధతి అది. అందులో వానపాములు వేస్తే ఆ వేడికి ఆగలేవు. కొనేముందు ఏ పద్ధతిదో అడిగి తెలుసుకోండి.

సొంతిల్లు, పెరడు ఉన్నవాళ్లకు సిమెంట్ ఒరలు లేదా ఇటుకల తొట్టి మించింది లేదు. గోడలు మందంగా ఉంటాయి కాబట్టి వేడి నెమ్మదిగా ఎక్కుతుంది. అయితే కొత్త సిమెంట్‌లో సున్నపు ఘాటు ఉంటుంది. వారం పది రోజులు నీళ్లు నింపుతూ, వంపుతూ కడిగాకే వానపాములను దింపాలి. రైతులు వాడే షీట్ బెడ్లు, ముఖ్యంగా 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్నవి ఇంటికి అనవసరం. రెండు మూడు కుటుంబాలు కలిసి పెట్టుకుంటే అప్పుడు చూడొచ్చు.

చెక్క పెట్టె గాలి బాగా ఆడుతుంది, కానీ చెదలు పట్టకుండా ఉండటం కష్టం. రేకు డబ్బా గురించి అసలు ఆలోచించొద్దు. చేపల మార్కెట్ దగ్గర దొరికే థర్మోకోల్ పెట్టెలు వేడిని బాగానే ఆపుతాయి. చిల్లులు పెట్టుకుని, ఉప్పు వాసన పోయేదాకా కడిగి వాడితే ఏడాది రెండేళ్లు వస్తాయి. చూడ్డానికి బాగోవు, అంతే. ఎలుకలు కొరికే ఇల్లయితే వద్దు.

కింద కారే నీరు, పైకొచ్చే చీమలు

అడుగున కుళాయి ఉన్న బిన్లు కొంచెం ఖరీదెక్కువ. ఆ డబ్బు వృథా కాదు. కూరగాయల తొక్కల్లో ఎక్కువ భాగం నీరే. అది కిందికి దిగకపోతే వానపాములు మునిగిపోతాయి. కుళాయి లేకపోతే బిన్‌ను ఇటుకల మీద పెట్టి కింద పళ్లెం ఉంచితే చాలు. ఆ నీటిని కొందరు నేరుగా వర్మీవాష్ అంటూ మొక్కలకు పోసేస్తారు. మాగిన కంపోస్ట్‌లోంచి శుభ్రమైన నీటిని నెమ్మదిగా దింపి తీసేది వర్మీవాష్. చెత్తలోంచి కారే నల్లటి రసం అది కాదు. వాసన వస్తుంటే మొక్కలకు వాడకపోవడమే మంచిది. వాసన లేకపోతే పదింతల నీళ్లు కలిపి పోయొచ్చు.

ఇక చీమలు. మన ఇళ్లలో బిన్లు పాడవడానికి ఎండ తర్వాత పెద్ద కారణం ఇవే. బెల్లం డబ్బాను నీళ్ల పళ్లెంలో పెట్టినట్టే దీనికీ చేయాలి. అందుకే కాళ్లున్న స్టాండ్‌తో వచ్చే బిన్ అయితే పని తేలిక. ఒక్కో కాలు కింద ఒక్కో నీళ్ల గిన్నె పెట్టేస్తే చాలు. గోడకు ఆనించొద్దు, ఆనిస్తే చీమలకు దారి ఇచ్చినట్టే. చీమల మందు చల్లితే వానపాములు కూడా పోతాయి. కింది అంతస్తుల్లో పందికొక్కుల బెడద ఉంటే మూత గట్టిగా బిగుసుకునేది తీసుకోవాలి.

మన వంటింటి చెత్తతో వచ్చే చిక్కులు

చింతపండు పిప్పి, నిమ్మ తొక్కలు, పచ్చళ్లు, నూనె కూరలు.. ఇవి మన చెత్త బుట్టలో మామూలే. వానపాములకు మాత్రం గిట్టవు. పులుపు, ఉప్పు, నూనె మూడూ వాటి మెత్తటి చర్మానికి పడవు. అన్నం కొంచెమైతే ఫర్వాలేదు, ముద్దగా వేస్తే పులిసి వేడెక్కుతుంది. మాంసం, చేప ముక్కలు, పెరుగన్నం అసలే వద్దు. కూరగాయల తొక్కలు, ఆకుకూర కాడలు, టీ పొడి, అరటి తొక్కలు హాయిగా తింటాయి. గుడ్డు పెంకులు పొడి చేసి చల్లితే పులుపు విరుగుతుంది.

వేసవిలో అసలు చిక్కు ఇంకొకటి. మామిడి తొక్కలు, టెంకలు, పుచ్చకాయ చెక్కలతో ఇంట్లో తడి చెత్త ఒక్కసారిగా పెరిగిపోతుంది. సరిగ్గా అప్పుడే ఎండకు వానపాముల తిండి తగ్గిపోయి ఉంటుంది. పండ్ల తీపికి చిన్న ఈగలు ముసురుతాయి. అందుకే బిన్ సైజు డిసెంబరు చెత్తను బట్టి కాకుండా మే నెల చెత్తను బట్టి చూసుకోవాలి. లేదంటే ఆ రెండు నెలలు పండ్ల తొక్కలను వానపాముల బిన్‌లో కాకుండా మగ్గబెట్టే మొదటి బిన్‌లోనే ఉంచేయాలి. ఎండలు ముదిరాక బిన్ చుట్టూ తడి గోనె పట్టా చుట్టడం, రోజుకు రెండుసార్లు దాన్ని తడపడం తప్పనిసరి. బిన్ లోపల మాత్రం నీళ్లు గుమ్మరించొద్దు. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి చాలు.

వానపాములను పొలంలోంచి తవ్వి తెచ్చుకోవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. నేలలోతుల్లో బొరియలు చేసుకుని బతికే రకాలు బిన్‌లో నిలవవు. చెత్తను తినే రకాలే కావాలి. వర్మీ కంపోస్ట్ యూనిట్లు నడిపే రైతుల దగ్గర, కొన్ని కృషి విజ్ఞాన కేంద్రాల్లో దొరుకుతాయి. రోజుకు 200 గ్రాముల చెత్త వేసే టబ్‌కు పావుకిలోతో మొదలుపెట్టినా చాలు, అనువుగా ఉంటే అవే పెరుగుతాయి. అడుగున కొబ్బరి పీచు, పైన కడిగిన కొబ్బరి పొట్టు, చింపిన అట్టముక్కలు, మాగిన పేడతో పడక వేయాలి. పచ్చి పేడ వేస్తే ఆ వేడికి మొదటి రోజే చచ్చిపోతాయి. కొత్తలో రెండు మూడు రాత్రులు బిన్ దగ్గర లైటు వేసి ఉంచితే బయటికి పాకకుండా లోపలికి దూరతాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలి? ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వద్దు. వానలు పడి వాతావరణం చల్లబడ్డాక జులై, ఆగస్టులో మొదలుపెడితే, మళ్లీ ఎండలు వచ్చేలోపు వానపాములు బాగా పెరిగి బిన్‌కు అలవాటు పడతాయి.

ఇప్పటికే ఎండకు వానపాములు పోయిన బిన్ ఇంట్లో ఉంటే దాన్ని వెంటనే పారేయకండి. చిన్న నిమ్మకాయ ఆకారంలో ఆవగింజ కంటే కాస్త పెద్దగా, పసుపు గోధుమ రంగులో ఉండే వాటి గుడ్ల సంచులు పెద్ద వానపాముల కంటే మొండివి. మురిగిన చెత్త తీసేసి, మిగిలిన పడకను నీడలో పరిచి, లేతగా తడుపుతూ నెల రోజులు ఆగండి. తొలకరి జల్లుల తర్వాత ఓ ఉదయం కాస్త కెలికి చూస్తే తెల్లటి దారప్పోగుల్లాంటి పిల్లలు కనిపించే అవకాశం ఉంది.